శబ్దము లేని కంప్యూటరు విషయమై

ఆఫీసు కాగితాల ప్రకారం హెడ్‌ఫోను పోయింది ఆగస్టు పద్నాలుగో తేదీన. అదే రోజు పొద్దున్న తొమ్మిదింటికి కుటుంబరావు మాస్టారు కూడా పోయారు గానీ, ఆ సంగతి ఆ ఫైల్లో లేదు. ఫైలు హెడ్‌ఫోనుకు సంబంధించినది కనుక ఉండవలసిన అవసరమూ లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు మాస్టారి భార్య శేషరత్నానికి జిల్లా శ్రవణపాఠ్య విభాగం నుంచి కవరు వచ్చింది. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలను మంచి గొంతున్న మాస్టర్ల చేత చదివించి, రికార్డు చేయించి, బడులకు పంపే ఆఫీసు అది. ఉత్తరంలో సంతాపానికి ఒక వాక్యం కేటాయించారు. రెండో పేరా నుంచి అసలు విషయం.

"తమ భర్తగారు ఆసుపత్రి యందు ఉండగా పాఠముల రికార్డింగు నిమిత్తము వెంట తీసుకొని వెళ్ళిన హెడ్‌ఫోను (నలుపు రంగు, ఒకటి) నేటివరకు కార్యాలయమునకు చేరలేదు. అది ఎక్కడ ఉన్నదీ వారినే అడిగి తెలుసుకొను అవకాశము ప్రస్తుతము లేనందున, తాము లిఖితపూర్వకముగా వివరణ ఇవ్వవలసినది."

శేషరత్నం ఇరవై ఏడేళ్ళుగా ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతోంది. అనవసరమైన మాట రాస్తే పిల్లలకు మార్కులు తగ్గించే మనిషి. ఆ రోజు ఆసుపత్రి గదిలోంచి దుప్పట్లతో పాటు ఏమేమి బయటికి వెళ్ళాయో ఆమె చూడలేదు. అందుకని "తెలియదు" అని ఒక్క మాట రాసి, సంతకం చేసి పంపింది.

సమాధానం మరీ క్లుప్తంగా ఉందని విచారణ మొదలుపెట్టారు.

మాస్టారు ఏడో తరగతి సైన్సు పాఠాలు పన్నెండూ చదివి వెళ్ళారు. చివరి రెండూ ఆసుపత్రి మంచం మీద చదివినవే. చదివితే సరిపోదు. మరొకరు పుస్తకం ముందు పెట్టుకుని ప్రతి మాటా విని, పుస్తకంలో లేని మాట ఏదైనా దొర్లితే తీసేసి, "మూలానుసారముగా ఉన్నది" అని సంతకం చేస్తేనే పాఠం బడులకు వెళుతుంది. పది పాఠాలకు సంతకం చేసిన మనిషికి బదిలీ అయింది. డిసెంబరు నెలాఖరుకు సంతకం పడని పాఠాలను చెరిపివేసి, వేరే గొంతుతో మళ్ళీ చదివించాలని పైనుంచి ఉత్తర్వు. డిప్యూటీ డైరెక్టరు విశ్వపతిగారు ఆలోచించి, మిగిలిన రెండు పాఠాలూ వినడానికి శేషరత్నాన్నే డిప్యుటేషన్ మీద వేయించారు.

"మీవారి గొంతు మీకు అలవాటే కదమ్మా. వేరేవాళ్ళయితే అలవాటు పడటానికే వారం పడుతుంది" అన్నారాయన. అందులో తప్పు పట్టడానికేం లేదు.

వరండా చివరి గది ఇచ్చారు. అందులో ఒక కంప్యూటరు ఉంది. మీట నొక్కగానే ముందు మూలిగేది. ఆ తరువాత పిండిమరలా అందుకునేది. ఆ పైన బల్ల కూడా గొంతు కలిపేది. పాఠం పెడితే మాస్టారు పిండిమర అవతల నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేది. అంతవరకైతే శేషరత్నం ఓర్చుకునేదే. కానీ ఆసుపత్రిలో పందొమ్మిది రోజులపాటు మంచం పక్కన రాత్రుళ్ళు నడిచిన యంత్రం సరిగ్గా ఇదే శ్రుతిలో నడిచేది. మీట నొక్కిన పది నిమిషాలకు ఆమె అరచేతులు చల్లబడేవి. లేచి వరండాలో నిలబడేది.

"కొత్త హెడ్‌ఫోను ఒకటి ఇప్పించండి" అని అడిగింది.

"పోయినది దొరికేవరకు గానీ, దొరకదని విచారణలో తేలేవరకు గానీ, అటువంటిదే మరొకటి కొనకూడదమ్మా" అన్నారు విశ్వపతిగారు.

"నేను కొని తెచ్చుకుంటాను."

"సొంత వస్తువు ప్రభుత్వ యంత్రానికి తగిలిస్తే, ఆ క్షణంలో అది ఎవరి వస్తువు? ఇది చాలా లోతైన ప్రశ్నమ్మా. జవాబు మా దగ్గర లేదు."

పాఠాన్ని ఇంటికి పట్టుకెళ్ళే దారీ లేదు. పెన్‌డ్రైవ్ పెట్టే కన్నాలకు ఎప్పుడో లక్క ముద్రలు వేశారు.

ఆ ఆఫీసులో యంత్రాల బాగోగులు చూసేది గవర్రాజు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసున్న అటెండరు. ఆయన చేతిలో "యంత్రముల స్థితి రిజిస్టరు" ఉండేది. పూర్వం తనిఖీకి వచ్చిన ఒక అధికారి, వాటంతట అవే ఆరిపోయిన తెరలను చూసి, ఆఫీసులో ఒక్క కంప్యూటరూ పనిచేయడం లేదని రాసి వెళ్ళాడట. అప్పటినుంచి, "తెర వెలుగును బట్టి కాక, యంత్రము చేయు ధ్వనిని బట్టి స్థితిని నిర్ధారించవలెను" అని ఉత్తర్వు. పొద్దున్న పదిన్నరకు గవర్రాజు ప్రతి గది గుమ్మం దగ్గరా ఆగి, చెవి లోపలికి పెట్టి, ఐదు లెక్కపెట్టి, రిజిస్టరులో ఉన్న రెండు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెడతాడు. పనిచేయుచున్నది. పనిచేయుటలేదు. మూడో గడి లేదు.

"ఆఫీసు మొత్తానికి మీ బండే గట్టిదండి టీచరుగారూ. నేను లోపలిదాకా రానక్కర్లేదండి, గేటు దగ్గర చెప్పులు విప్పుతూనే టిక్కు పెట్టేస్తానండి" అన్నాడు మొదటిరోజే, పొగడ్తగా.

అక్టోబరు మూడో వారంలో శేషరత్నం దరఖాస్తు పెట్టింది. శబ్దం చేయని కంప్యూటరు కావాలని. కారణం అన్న గడి రెండంగుళాలు ఉంది. "పాఠము వినబడుటలేదు" అని రాసింది. అరచేతుల సంగతి రాయలేదు.

వారానికి మెమో వచ్చింది.

"విషయము: నిశ్శబ్దము – పరిమాణము – తెలియజేయుట – గురించి. తాము కోరిన నిశ్శబ్దము పూర్తి నిశ్శబ్దమా, పాక్షిక నిశ్శబ్దమా, లేక పనివేళలకు పరిమితమైన నిశ్శబ్దమా అన్నది దరఖాస్తులో లేదు. కొలమానముతో సహా తెలుపవలసినది."

శేషరత్నం రెండు రోజులు ఆలోచించింది. "గదిలో ఒక మనిషి ఊపిరి పీల్చుకుంటే వినబడేంత" అని రాసింది.

దాని మీద ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. ముగ్గురూ పెద్దవాళ్ళే. వాళ్ళ మొదటి సమావేశం రెండు గంటలు జరిగింది. చివరకు ఆమెను లోపలికి పిలిచారు.

"ఊపిరి అని రాశారు. ఎవరి ఊపిరి?" అని అడిగారు అధ్యక్షులు.

"అంటే?"

"అటెండరు ఊపిరి, గెజిటెడ్ అధికారి ఊపిరి ఒకటిగా పరిగణించమని ఏ నిబంధనలోనూ లేదు కదమ్మా. రేపు ఆడిట్‌లో అడుగుతారు."

శేషరత్నం కిటికీలోంచి బయటికి చూసింది. "జబ్బుగా ఉన్న మనిషిది" అంది.

అధ్యక్షులు పక్కవారితో మాట్లాడి, కాగితం మీద రాయించారు: "సెలవులో ఉన్న ఉద్యోగి ఊపిరి."

ఆ తరువాత శబ్దాన్ని కొలవవలసి వచ్చింది. పెళ్ళిళ్ళ దగ్గర మైకుసెట్ల మోత కొలిచే పరికరం ఒకటి వేరే శాఖ నుంచి అరువు తెచ్చారు. కమిటీ మొత్తం వరండా చివరి గదికి వచ్చింది. సభ్యులలో ఒకరు పరికరాన్ని రుమాలుతో తుడిచి బల్లమీద పెట్టారు. మరొకరు చెవులు మూసుకున్నారు.

"అబ్బ, ఏమిటండీ ఈ మోత. ముందు ఆ మెషీను ఆపండి. ఇంత గోలలో కొలత ఎలా వస్తుంది" అన్నారు అధ్యక్షులు.

ఆపారు. కొలిచారు. నివేదిక మూడు రోజుల్లో వచ్చింది. నిజం చెప్పాలంటే తర్కంలో ఎక్కడా వంక లేదు.

"సదరు గది యందు శబ్దమేమియు లేదు. దరఖాస్తుదారు పని ప్రారంభించినప్పుడు మాత్రమే శబ్దము పుట్టుచున్నది. కావున శబ్దమునకు మూలకారణము పని అని కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడుచున్నది. పనిని నిలుపుదల చేయుట ఒక మార్గము. శబ్దము లేని యంత్రమును నమూనాగా చేయించుట రెండవ మార్గము."

విశ్వపతిగారు రెండవ మార్గానికే మొగ్గారు. డిసెంబరు మొదటి వారంలో అన్ని ఆఫీసుల్లోనూ "నిశ్శబ్ద వారోత్సవాలు" జరపాలని పైనుంచి సర్క్యులరు వచ్చి ఉంది. వారోత్సవం అంటే ఏదో ఒకటి ప్రారంభించాలి. ప్రారంభించడానికి ఆఫీసులో కొత్తది ఏమీ లేదు.

అలా ఖలీల్‌ను పిలిపించారు. బస్టాండు ఎదురుగా రిపేరు కొట్టు ఆయనది. పగలంతా బస్సుల హారన్ల మధ్య కూర్చుని, పాడైన యంత్రాలు ఏమంటున్నాయో వినే మనిషి. వచ్చీ రాగానే కంప్యూటరు మీట నొక్కించి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇందులో అరిచేవి నాలుగున్నాయి టీచరమ్మా" అన్నాడు. "ఒకటి చూడండి, ఈ బుల్లి ఫ్యాను. చిన్నది కదా, చాలినంత గాలి విసరాలంటే పిచ్చిగా తిరగాలి. అందుకే ఆ కీచు. రెండోది కరెంటు డబ్బాలో ఉంది. మూడోది లోపల తిరిగే డిస్కు, ఆ గరగర దానిది."

"నాలుగోది?"

"ఈ రేకుడబ్బా. ఆ మూడూ వణుకుతుంటే ఇదీ వణుకుతుంది. దాన్ని తీసుకెళ్ళి బల్లమీద పెట్టారు, బల్ల డప్పయి కూర్చుంది. మీకు తలనొప్పి రాకేం చేస్తుంది."

"పోతుందా శబ్దం?"

"మొత్తం పోతుందని చెప్తే అబద్ధమమ్మా. మీరు దాన్ని మరిచిపోతారు, అంతవరకు చేస్తాను" అన్నాడు ఖలీల్.

పాత కంప్యూటరును బీరువాలో పెట్టించి, వేరే పెట్టెలో కొత్తది కట్టడానికి ఐదు రోజులు కూర్చున్నాడు. అరచేతి వెడల్పున్న ఫ్యాను పెట్టి మెల్లగా తిరిగేలా కట్టడి చేశాడు. దాని కింద ఇటుకంత లోహపు రెక్కల దిమ్మె బిగించాడు, వేడి అందులోకి పాకేలా. ఫ్యానే లేని కరెంటు డబ్బా తెప్పించాడు. తిరిగే డిస్కు బదులు ఏదీ తిరగని చిప్పుల డిస్కు పెట్టి, పాఠాలు అందులోకి ఎక్కించాడు. ప్రతి మర కిందా రబ్బరు బిళ్ళ వేశాడు. పెట్టె లోపలి గోడలకు మందపాటి కంబళిముక్కలు అతికించాడు. చివరికి దాన్ని బల్లమీద కాకుండా, నేలమీద సైకిలు ట్యూబు ముక్కల మీద నిలబెట్టాడు.

"నొక్కండమ్మా."

నొక్కింది. ఏమీ జరగలేదు. ఇంకోసారి నొక్కబోతే ఖలీల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నడుస్తోందమ్మా."

తెర వెలిగింది. గోడ అవతల కాలవలో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు, కిటికీ రెక్క మీద పావురం నడుస్తున్న చప్పుడు వినపడ్డాయి. ఆ గదికి పావురం వస్తుందని శేషరత్నానికి అప్పటిదాకా తెలియదు.

డిసెంబరు ఒకటో తేదీ మధ్యాహ్నం పదకొండో పాఠం విన్నది. మాస్టారి గొంతు నీరసంగా ఉంది గానీ ప్రతి అక్షరమూ దేనికదే నిలబడి ఉంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. పాఠం చివర పుస్తకంలోనే ఒక కృత్యం ఉంది. వచ్చే పాఠానికి చిక్కుడు గింజలు నానబెట్టి ఉంచుకోండి అని. ఆయన దాన్ని నిదానంగా, తరగతి వదిలే గంట కొట్టేముందు చెప్పినట్టు చెప్పారు. శేషరత్నం సంతకం చేసింది. పాఠం ఆ సాయంత్రమే చూపులేని పిల్లల బడికి వెళ్ళింది.

మర్నాడు పదీ ఇరవైకి పన్నెండోది పెట్టింది. "విత్తనము – మొలక". అందులో ఆసుపత్రి గది మొత్తం ఉంది. పైన తిరిగే ఫ్యాను ఊగుతూ చేసే కీచు, కింద రోడ్డు, ఆయన ఊపిరి. పదకొండో నిమిషంలో ఆయన ఆగారు. పుస్తకంలో అక్కడ ఆగవలసిన పని లేదు. ఊపిరి తీసుకున్నారు. ఆ తరువాత గొంతు తగ్గించి, మైకుకు దూరంగా జరిగి, ఏదో అన్నారు.

"టీచరుగారండీ, మీ బండి ఆగిపోయిందాండీ?" అని గుమ్మంలోంచి కేకేశాడు గవర్రాజు.

"నడుస్తోంది గవర్రాజుగారూ."

గవర్రాజు చెవి లోపలికి పెట్టాడు. ఐదు లెక్కపెట్టాడు. మంచితనం కొద్దీ ఇంకో ఐదు లెక్కపెట్టాడు.

"వినపట్లేదండి."

"అదిగో, తెర వెలుగుతోంది కదా."

"తెర చూడొద్దన్నారండి. ఉత్తర్వండి" అని, బాధగానే, రెండో గడిలో టిక్కు పెట్టాడు. పనిచేయని యంత్రానికి కరెంటు ఉంచితే ప్రమాదం కనుక వెంటనే తీగ పీకి, దానికి ఎర్ర గుడ్డ కట్టాలని అదే ఉత్తర్వులో రెండో పేరా. కట్టాడు.

శేషరత్నం విశ్వపతిగారి దగ్గరికి వెళ్ళింది. "పదకొండో నిమిషంలో ఒక చోటు ఉందండి. అక్కడ ఏమన్నారో విని రాయాలి. పది నిమిషాల పని."

"పనిచేయని యంత్రం మీద పని ఎలా చేస్తారమ్మా?"

"అది పనిచేస్తోందండి."

"నాకు తెలుసు. నాకు తెలిసినంత మాత్రాన రిజిస్టరుకు తెలియదు కదా. ఈ వారం ఆగండి. ఎల్లుండి దాన్ని ప్రారంభిస్తున్నాం."

ప్రారంభం ఘనంగా జరిగింది. గది గుమ్మానికి మామిడాకులు కట్టారు. వరండాలో రెండు పెద్ద సౌండు బాక్సులు పెట్టించారు. ఊరేగింపుకు డప్పులు వచ్చాయి. "నిశ్శబ్దమే నాగరికత" అని ఉద్యోగులందరూ మైకులో నినదించారు. ఎర్ర గుడ్డ కట్టిన కంప్యూటరుకు దాని మీదుగానే రిబ్బను కట్టి, వచ్చిన పెద్దాయన చేత కత్తిరింపించారు. ఆయన నిశ్శబ్దం గొప్పతనం గురించి గంటా యాభై నిమిషాలు మాట్లాడారు. విశ్వపతిగారు వందన సమర్పణలో, "మన ఆఫీసు సాధించిన ఈ నిశ్శబ్దం నలుదిక్కులా మారుమోగాలి" అన్నారు. గోడకు రాతిపలక బిగించారు. దాన్ని బిగించడానికి రెండు రోజులు డ్రిల్లింగు జరిగింది. వారం పూర్తయ్యేదాకా నిశ్శబ్దానికి భంగం కలగకుండా గుమ్మం దగ్గర ఈల పట్టుకుని ఒక కాపలా మనిషిని ఉంచారు.

ఆ వారంలోనే బడి నుంచి ఉత్తరం వచ్చింది. "పదకొండో పాఠము అందినది. పిల్లలు చిక్కుడు గింజలు నానబెట్టుకొని సిద్ధముగా ఉన్నారు." నాలుగు రోజులకు ఇంకొకటి. "గింజలు మొలకలు వచ్చి ముదిరిపోయినవి. మరల నానబెట్టితిమి."

వారోత్సవం అయ్యాక పైనుంచి అభినందన వచ్చింది. అభినందనతో పాటే సంజాయిషీ కోరుతూ మెమో కూడా వచ్చింది. స్థితి రిజిస్టరులో పనిచేయుటలేదు అని ఉన్న యంత్రాన్ని ఏ అధికారంతో ప్రారంభించారు అని.

విశ్వపతిగారు కంగారుపడే మనిషి కాదు. కమిటీని మళ్ళీ కూర్చోబెట్టారు. కమిటీ తీర్మానం ఒక పేజీ.

"యంత్రము నిశ్శబ్దముగా ఉండుట వారోత్సవ నియమము. యంత్రము ధ్వని చేయుట రిజిస్టరు నియమము. రెంటినీ పాటించు నిమిత్తము, పాత యంత్రము యొక్క ధ్వనిని రికార్డు చేసి, కొత్త యంత్రమునకు మరియొక స్పీకరు అమర్చి, పనివేళల యందు సదరు ధ్వనిని నిరంతరాయముగా వినిపించవలెను. యంత్రము మాత్రము నిశ్శబ్దముగానే ఉండును."

అనుకున్నట్టే పాత కంప్యూటరును బయటికి తీసి, గదిలో పెట్టి, మూడు గంటలపాటు దాని మోతను రికార్డు చేశారు. ధ్వని భద్రపడింది కనుక ఇక మూల యంత్రం అనవసరమని, ఖలీల్‌ను పిలిచి దాన్ని విప్పించి, పనికొచ్చే భాగాలు మిగతా గదుల యంత్రాలకు వేయించారు.

"ఏమిటమ్మా ఇది. ముల్లు తీసి కూర్చోబెడితే, మళ్ళీ ముల్లుకి ఫొటో తీసి గుచ్చుతున్నారు" అన్నాడు ఖలీల్ మరలు డబ్బాలో వేసుకుంటూ.

శేషరత్నం కింద పడిన మర ఒకటి ఏరి అతని డబ్బాలో వేసింది.

ఈ విభాగంలో రికార్డయిన ఏ ధ్వనినైనా మూలంతో సరిచూసి ఒకరు సంతకం చేయాలన్నది మొదటినుంచి ఉన్న నియమం. సంతకం చేసే మనిషి శేషరత్నం. ఫైలు మీద "అత్యవసరము" అని ఎర్ర సిరాతో రాసి ఆమెకు పంపారు. పన్నెండో పాఠం సంగతి తరువాత చూడవచ్చు, ముందు ఇది.

వినడం కోసం ఎర్ర గుడ్డ విప్పడానికి ఒక పూట అనుమతి ఇచ్చారు. కమిటీ సభ్యులు ముగ్గురూ ఎదురుగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, ఆమె వేరే ఏదీ పెట్టుకుని వినకుండా. శేషరత్నం తెల్లకాగితం, పెన్సిలు, చేతిగడియారం ముందు పెట్టుకుంది. మోత మొదలైంది. మూలుగు, పిండిమర, బల్ల. పది నిమిషాలకు అరచేతులు చల్లబడ్డాయి. ఆమె లేవలేదు. పందొమ్మిది రోజులు విన్న మనిషికి మూడు గంటలు ఒక లెక్క కాదు అనుకుంది. సభ్యులలో ఒకరికి గంట తిరగకుండానే నిద్ర పట్టింది.

మూడు గంటలూ అయ్యాక నివేదిక రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

"నలభై ఏడవ నిమిషమున, 'గవర్రాజూ, నాలుగు టీలు చెప్పు, ఒకటి చక్కెర లేకుండా' అను వాక్యము ఉన్నది. ఇది మూల యంత్రము చేయు ధ్వని కాదు. మూలములో లేని వాక్యమును తొలగించనిదే ధ్రువీకరించుటకు వీలులేదు."

అధ్యక్షులు చదివి నిటారుగా కూర్చున్నారు. చక్కెర లేని టీ ఆయనదే.

"ఒక్క వాక్యం కదమ్మా. చూసీ చూడనట్టు పోవచ్చు."

"పుస్తకంలో లేనిది ఒక్క మాటైనా ఉండకూడదని మీ నియమమేనండి."

"పోనీ ఆ ముక్క కత్తిరించండి."

"కత్తిరిస్తే అక్కడ నాలుగు సెకన్లు నిశ్శబ్దం వస్తుందండి. సరిగ్గా అప్పుడు గవర్రాజుగారు వచ్చి నిలబడితే, యంత్రం పనిచేయడం లేదని రాయవలసి వస్తుంది."

అధ్యక్షులు పక్కవారిని లేపి ఆయనతో ఆలోచించారు. అది నిజమే. మళ్ళీ రికార్డు చేద్దామంటే పాత కంప్యూటరు ఐదు గదుల్లో ఐదు ముక్కలుగా ఉంది. వేరే యంత్రం మోత పెడితే అది మూలానికి అనుగుణం కాదు. తీర్మానం అర పేజీలో ముగిసింది. "ధ్రువీకరింపబడిన ధ్వని లేనందున యంత్రము పనిచేయుటలేదు అను స్థితి కొనసాగును. సదరు యంత్రమును సామాన్ల గదికి తరలించవలెను. రాతిపలక యథాస్థానమున ఉండవలెను."

విశ్వపతిగారు ఆమెను పిలిచి కాస్త నొచ్చుకున్నారు. "మీరు మరీ నిక్కచ్చి మనిషమ్మా. నిక్కచ్చి మంచిదే. కానీ మీ పన్నెండో పాఠమే కదా ఆగిపోయింది. నెలాఖరు దగ్గరికొచ్చింది. దాన్ని చెరిపివేయక తప్పదు."

"పనిచేసే యంత్రం ఏదైనా ఇస్తే వింటానండి."

"రాయండి. చూద్దాం" అన్నారాయన.

ఆ మధ్యాహ్నం బడి నుంచి మూడో ఉత్తరం వచ్చింది. "మూడవసారి నానబెట్టితిమి. పిల్లలు ప్రతిదినము అడుగుచున్నారు, సైన్సు మాస్టారు ఎప్పుడు వచ్చెదరని." బడివాళ్ళకు మాస్టారు పోయిన సంగతి గాని ఈ ఫైళ్ళ సంగతి గాని తెలియదు.

డిసెంబరు ముప్పయ్యో తేదీ. భోజనాల వేళ ఆఫీసు ఖాళీ అయింది. గవర్రాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో రిజిస్టరు లేదు, తాళంచెవి ఉంది.

"ఒకసారి ఇలా రండి టీచరుగారూ."

సామాన్ల గది మెట్ల కింద ఉంది. విరిగిన కుర్చీలు, చెదలు తిన్న బీరువాలు, గుట్టలుగా పాత ఫైళ్ళు. కాగితం శబ్దాన్ని పీల్చుకుంటుంది కాబోలు, ఆ భవనం మొత్తానికి నిజంగా నిశ్శబ్దంగా ఉన్న గది అదే. మూలన స్టూలు పక్కగా ఖలీల్ చేసిన కంప్యూటరు. కింద సైకిలు ట్యూబు ముక్కలు కూడా ఎవరో సరిగ్గా పెట్టారు. తీగ గోడకున్న ప్లగ్గులో పెట్టి ఉంది.

"ఇక్కడికి నా పుస్తకం రాదండి" అన్నాడు గవర్రాజు. "ఇక్కడున్నయ్యన్నీ పనిచెయ్యనియ్యేనండి. పనిచెయ్యనిదాన్ని పట్టుకుని పనిచెయ్యట్లేదని మళ్ళీ ఎవరు రాస్తారండి."

"మీకు తెలుసా ఇది నడుస్తుందని?"

"మొదటిరోజే తెలుసండి. దాని మీద చెయ్యేస్తే వెచ్చగా ఉందండి. గడులు రెండేనండి, ఏం చెయ్యమంటారు" అని, తాళంచెవి జేబులో వేసుకుంటూ, "మాస్టారు నన్ను ఏనాడూ ఒరేయ్ అనలేదండి" అన్నాడు. తలుపు దగ్గరగా వేసి, బయట మెట్ల మీద కూర్చున్నాడు.

శేషరత్నం పుస్తకం తెరిచి, పన్నెండో పాఠం మొదటినుంచి పెట్టింది. విత్తనం, పొట్టు, పప్పుబద్దలు. ఫ్యాను కీచు. ఊపిరి. పదకొండో నిమిషంలో ఆయన ఆగారు. గొంతు తగ్గించి, పక్కకు తిరిగి అన్నారు.

"రత్నం, ఆ ఫ్యాను కాస్త ఆపు. పిల్లలకి వినపడదు."

ఆ తరువాత పద్నాలుగు సెకన్లు ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ వేళప్పుడు ఆమె కింద మందుల కౌంటరు దగ్గర వరసలో నిలబడి ఉంది. తిరిగి వచ్చేసరికి ఆయన చదువుతున్నారు. ఫ్యాను సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"సరే" అన్నారు రికార్డులో, ఎవరితోనో రాజీపడినట్టు. గొంతు సర్దుకున్నారు. "ఇప్పుడు నానిన చిక్కుడు గింజను రెండు వేళ్ళ మధ్య పట్టుకోండి. మెల్లగా నొక్కండి."

పాఠం చివరిదాకా విన్నది. మిగతా అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ధ్రువీకరణ కాగితం తీసి, "మూలములో లేని వాక్యములు" అన్న గడిలో నిమిషం, సెకను వేసి, ఆయన అన్నది అన్నట్టుగా గుండ్రంగా రాసింది. "సరే" అన్నదాన్ని కూడా విడిగా రాసింది. వాటిని కత్తిరిస్తే అక్కడ కొంచెం నిశ్శబ్దం మిగులుతుంది. పాఠంలో నిశ్శబ్దం ఉండవచ్చు, దానికి నియమం అడ్డురాదు. కత్తిరించి, పక్క గడిలో తేదీ వేసి, సంతకం పెడితే ఈ సాయంత్రమే బడికి వెళుతుంది. లేకపోతే రేపు పాఠం మొత్తం చెరిపివేస్తారు.

"అయిందాండీ?" అని అడిగాడు గవర్రాజు తలుపు అవతలనుంచి, చిన్నగా.

కంప్యూటరు నడుస్తోంది. ఏమీ వినపడటం లేదు. పిల్లల గింజలు నానుతున్నాయి. "తొలగించిన తేదీ" అన్న గడి ఇంకా నింపవలసి ఉంది.